కొల్లేటి గాలికి తోలు కోటు

1975 డిసెంబరు. గవర్నర్‌పేటలో రెండు లాడ్జీల మధ్య సందులో నా తోలు సామాను కొట్టు ఉండేది. బ్యాగులు, బెల్టులు కుట్టడం, మోటారు సైకిలు సీట్లకు తొడుగులు వేయడం నా పని. బెజవాడ ఎండల్లో తోలు కోటు అడిగేవాళ్ళు ఎవరుంటారు? అందుకే ఒక ఉదయం అతనొచ్చి అడిగితే నేను సరిగ్గా విన్నానా అని అనుమానం వచ్చింది.

“తోలు జాకెట్టు కావాలండీ. పాతదైనా పర్లేదు.”

మా వైపు జాకెట్టంటే ఆడవాళ్ళు వేసుకునేదే. “ఎవరికండీ?” అన్నాను.

“నాకేనండీ బాబూ! మోటారు సైకిలు మీద తిరిగేవాళ్ళు వేసుకుంటారే, ఆ కోటు” అని అతనే నవ్వేశాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు. స్టూలు వేసి మంచినీళ్ళిచ్చాను.

పేరు సోమయ్య. కైకలూరు దగ్గర చేపల వ్యాపారం. తెల్లవారకముందే మోటారు సైకిలు మీద కొల్లేటి ఊళ్ళన్నీ తిరిగి, వలలు తీసేచోటే చేప కొని, తడి బుట్టలు వెనక కట్టుకుని వచ్చేవాడు. రెండు చలికాలాలుగా ఛాతీలో నెమ్ము చేరుతోంది. ఛాతీకి గాలి తగలకుండా చూసుకో, లేకపోతే బండి మానెయ్యి అని ఆ రోజే బెజవాడలో డాక్టరుగారు చెప్పేశారట.

“స్వెట్టరేస్తే తడిసి బరువెక్కిపోద్ది. రెయిన్‌కోటేస్తే లోపల చెమట పట్టి ఇంకా జలుబు చేస్తంది. బండి మానేస్తే మాత్రం నాకు ఇంకో పని రాదండీ.”

కొత్తది కుట్టడానికి తగిన దళసరి తోలు నా దగ్గర లేదు. కానీ అలాంటి కోటు ఎక్కడుందో నాకు తెలుసు. గుణదలలో ఫిలోమినమ్మ గారని బడిలో టీచరు. ఆవిడ భర్త యుద్ధకాలంలో పటాలంలో ఉత్తరాలు చేరవేస్తూ మోటారు సైకిలు నడిపిన మనిషి. ఆయన పోయాక, ఆ కోటు జిప్పు బాగు చేయించడానికి నా కొట్టుకు తెచ్చారు. ఎవరికైనా అమ్మాలనే ఉందన్నారు. నేను ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇద్దరికీ అచ్చంగా కొలిచి కుట్టినట్టే ఉంది. ఆవిడ ఇద్దరినీ వద్దని పంపించేశారు. కారణం అడిగితే, “వాళ్ళకి సరిపోలేదండీ” అన్నారు. నా కళ్ళతో నేను చూశాను, సరిపోయింది! ఆ మాట నాకు అంతుపట్టలేదు.

ఆదివారం చర్చిలో పూజ ముగిసే వేళకు సోమయ్యను తీసుకుని గుణదల వెళ్ళాను. ఫిలోమినమ్మ గారు తెల్లచీర మడతలు సర్దుకుంటూ గేటు తీశారు. ముందు సోమయ్యను కాదు, అతని వెనకున్న బండిని చూశారు.

“దీని మీదే వచ్చారా?”

“ఇదేనండి అమ్మగారూ నా బతుకు.”

ఆవిడ లోపలికెళ్ళి కోటు తెచ్చారు. ముదురు గోధుమరంగు, మోచేతుల దగ్గర నల్లబడింది. ఏటేటా నూనె రాసి ఉంచడం వల్ల తోలు ఇంకా మెత్తగానే ఉంది. సోమయ్య తొడుక్కున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. చేతులు వేళ్ళ కణుపుల దాకా వేలాడుతున్నాయి. వెనక నడుము దగ్గర ఉబ్బుగా ఉంది. ఎంత లేదన్నా రెండు సైజులు పెద్దది.

“వేరేది చూద్దాం లెండి సోమయ్య గారూ” అన్నాను.

“ఉండండి దావీదు గారూ” అన్నారావిడ. “బండెక్కి కూర్చోండి బాబూ. హ్యాండిలు పట్టుకోండి.”

అతను కూర్చుని చేతులు ముందుకు చాచాడు. నేను చూస్తుండగానే కోటు మారిపోయింది. పొడుగ్గా ఉన్న చేతులు మణికట్టు దాకా జరిగి ఆగాయి. వెనక ఉబ్బు వీపు వంపులోకి సర్దుకుంది. మెడ దగ్గర సందు లేదు. అది నిలబడే మనిషి కోసం కుట్టింది కాదు, బండి మీద వంగి కూర్చునే మనిషి కోసం కుట్టింది. నేను తీసుకొచ్చిన ఇద్దరినీ అద్దం ముందు నిలబెట్టి చూశాను గానీ, వాళ్ళకు బండి ఉందా అని కూడా అడగలేదు.

అంతా బాగుందనుకునేలోపు సోమయ్య మొహం చిట్లించాడు. కుడిచెయ్యి తిప్పలేకపోతున్నాడు. చిన్నప్పటి నుంచి చేపల కావడి మోయడంతో ఆ భుజం మీద కండ గట్టిపడి పైకి లేచింది. చంకలో కోటు బిగుసుకుపోతోంది.

దీనికి మా పనిలో ఒక ఉపాయం ఉంది. ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి వచ్చి భుజానికి కలిసే చోట, అడుగున కుట్టు విప్పి నాలుగు పలకల ముక్క అతుకుతాం. దాన్ని గసెట్ అంటాం. బట్టకైతే చిటికెలో పని. తోలుకు అలా కాదు. సూది దిగిన చిల్లు పూడదు, కాబట్టి పాత చిల్లుల్లోంచే దారం పోవాలి. ముప్పై ఏళ్ళ తోలు విప్పేటప్పుడు అంచున చిరిగిందంటే ఆ చెయ్యి మొత్తం పోయినట్టే. ఉన్నమాట ఆవిడకు చెప్పాను.

“చిరిగితే మళ్ళీ బాగుచెయ్యలేరా?”

“లేనండి.”

సోమయ్య బండి దిగి, కోటు విప్పి మడత పెట్టబోయాడు.

“వద్దులెండి అమ్మగారూ. మీ ఆయన గుర్తు. పైగా నేను అబద్ధమెందుకు చెప్పాలి? రోజూ దీని మీద చేపల నీళ్ళు కారతాయి. వాసన పట్టేస్తది. మళ్ళీ ఎప్పుడన్నా చూద్దామన్నా మీరు దగ్గరికి రాలేరు.”

నేను అతని మోచెయ్యి గిల్లాను. అతను పట్టించుకోలేదు.

ఆవిడ మాత్రం అతని వంక కొత్తగా చూశారు. “ఆ ఇద్దరూ ఫొటో దిగడానికి కావాలన్నారు” అన్నారు. “ఇది ఫొటో కోసం కాదు. దావీదు గారూ, ఇక్కడే విప్పండి. నేను చూస్తుండగానే.”

అరుగు మీద కూర్చున్నాను. నా సంచిలో తోలుకు చిల్లు పొడిచే ఆరె, మైనం పట్టిన దారం, సూదులు ఎప్పుడూ ఉంటాయి. గసెట్‌కు కొత్త తోలు వేస్తే అది ఒక తీరుగా, పాతది ఒక తీరుగా సాగుతుంది. ఆ కోటు తోలే కావాలి. ఆవిడే జేబు మూత చూపించారు. “అది కోసుకోండి. ఆయన ఏనాడూ దాన్ని మూసినవారు కాదు.”

ఒక్కొక్క పోగూ తెంపుతూ వచ్చాను. ఒకచోట కిర్రుమంది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చూస్తే తెగింది లోపలి లైనింగే, తోలు కాదు.

కుట్టేటప్పుడు నా కంటికొకటి ఆనింది. కోటు నడుముకు రెండు పక్కలా అరచేతి మేర తోలు అరిగి నున్నగా మెరుస్తోంది. బండి నడిపేవాడి చెయ్యి ఆనే చోటు కాదది. ఇదేమిటండీ అని అడిగాను.

ఆవిడ సిగ్గుపడి నవ్వారు. “వెనక నేనే కూర్చునేదాన్ని. ఏలూరు రోడ్డు గతుకుల్లో అక్కడే పట్టుకునేదాన్ని.”

సోమయ్య వెంటనే, “మా ఆవిడ బండెక్కనే ఎక్కదండీ, భయం” అన్నాడు. “ఈ కోటు చూపించి చెబుతాను.”

పని అయ్యాక అతను తొడుక్కుని ఏలూరు రోడ్డు దాకా వెళ్ళాడు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడ్డారు. బండి చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. సోమయ్య దిగి కుడిచెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. “చొక్కా గుండీల దగ్గర గాలన్నదే లేదండీ” అన్నాడు. ఆవిడ వచ్చి అతని మెడ కింద పట్టీ సరిచేసి, “ఇదీ పెట్టుకోవాలి, మర్చిపోకండి” అన్నారు. ధర సంగతి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, నేను కల్పించుకోలేదు.

ఆ చలికాలం సోమయ్య ఒక్కరోజు కూడా జబ్బుతో పడుకోలేదట. సంక్రాంతి వెళ్ళాక భార్యను వెనక కూర్చోబెట్టుకుని నా కొట్టుకు వచ్చాడు. ఆమె బండి ఆగినా అతని నడుము వదల్లేదు. ఇద్దరూ గుణదల వెళుతూ దారి అడిగే వంకతో ఆగారు. దారి అతనికి బాగా తెలుసు.

అప్పటి నుంచి నేను కొలతలు తీసే పద్ధతి మారింది. టేపు తీసే ముందు, ఇది వేసుకుని ఏం చేస్తారు అని అడిగేవాణ్ణి. బెల్టుకు వచ్చిన పోలీసాయనను కూర్చోమన్నాను. ఇబ్రహీంపట్నంలో స్తంభాలెక్కే లైన్‌మన్ నడుము పట్టీ కుట్టించుకోవడానికి వస్తే, కొట్టు ముందున్న వేపచెట్టు ఎక్కమన్నాను. సందులో జనం నవ్వారు. అతను మాత్రం చెట్టు మీద నుంచి కిందికి వంగి, “ఇక్కడండీ, ఇక్కడ ఒరుస్తాది” అని చోటు చూపించాడు. నేను కింద నుంచి సుద్దముక్క అందించాను.