నల్లరాయి మీద గుప్పెడు బియ్యం

మా వంటగదిలో గట్టు మార్చాలన్న ఆలోచన అందం కోసం పుట్టలేదు. నా భార్య సుగుణకు కంటి నరం దెబ్బతింది. అద్దాలు మార్చినా చూపు ఇంతేనని డాక్టరు చెప్పేశారు. దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1లోని మా ఇంట్లో గట్టు తెల్లటి పాలరాయి. దాని మీద బియ్యం, ఉప్పు, వెల్లుల్లి ఏవీ ఆమె కంటికి ఆనవు. పోయిన నెల వేలు కోసుకుంది. నేను బోధించే సంఘానికి ఆదివారం ప్రార్థన తర్వాత మా ఇంట్లో ముప్పైమందికి భోజనం ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ బియ్యం ఏరేదీ, వండేదీ ఆమే. "ఇంక కత్తి ముట్టుకోకండత్తయ్యా, నేను చూసుకుంటాను" అని కోడలు శాంతి ప్రేమగానే అంది. ఆ రోజంతా సుగుణ వంటగది గడప తొక్కలేదు. తెల్లవి కనబడాలంటే కింద నల్లగా ఉండాలని డాక్టరు అన్న మాట పట్టుకుని, మరకలు పీల్చని క్వార్ట్జ్ రాయి కోసం బయలుదేరాం.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా ప్లాంటులో షిఫ్టుల మధ్య బైబిలు వాక్యం చదువుకుంటూ నేర్చుకున్నదే. ఖరీదైన ఇళ్ల మీద, అద్దాల్లా మెరిసే గచ్చుల మీద నేను ఎన్ని ఆదివారాలు నిప్పులు చెరిగానో మా సంఘానికి తెలుసు. అలాంటి నేనే ఫోనులో ఒక ఫొటో చూసి పడిపోయాను. నల్లటి రాయి, దాని నిండా తెల్లటి మెరుపులు. దేవుడు అబ్రాహామును గుడారం బయటికి పిలిచి నక్షత్రాలు లెక్కపెట్టమన్న ఆకాశం ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. మా ఇంటికి ఆ నక్షత్రాలే వస్తున్నాయని ఆరాధనలో లేచి ప్రకటించేశాను కూడా.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు పవర్ హౌస్ స్టేషన్ దగ్గర దుర్గ్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ముప్పై రూపాయలు. పది గంటలలోపే చేరితే గోదాముల్లో రద్దీ ఉండదు, రాయిని తీరిగ్గా చూడనిస్తారు. సుగుణ ఒళ్లోని గుడ్డసంచి చూసి, టిఫినా మాతాజీ అని డ్రైవరు హిందీలో అడిగాడు. బియ్యం, రాయి కోసం అని ఆమె చెప్పింది. "రాయికి అన్నం పెడతారా?" అని పెద్దగా నవ్వాడతను. "ముందు అది నాకు బియ్యం చూపించాలి భయ్యా, ఆ తర్వాత పెడతాను" అని ఆమె కూడా హిందీలోనే తిప్పికొట్టింది. ఆ బియ్యం ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అదే రాళ్ల గోదాము. యజమాని పేరు అప్పన్న. అతని తాతగారు ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం నుంచి వచ్చారట. "రండి బాబాయ్, రండి పిన్నీ. ఏటి కావాల?" అన్నాడు. నేను తిన్నగా నా నక్షత్రాల రాయి దగ్గరికే నడిచాను. చదరపు అడుగు నాలుగు వందల ఇరవై. దాని మీద అరచెయ్యి పెట్టి సృష్టి మహిమ గురించి ఎత్తుకున్నాను. అప్పన్న చేతులు కట్టుకుని వింటున్నాడు. ఈలోగా సుగుణ గుప్పెడు బియ్యం ఆ రాయి మీద పోసి, పక్కకు తోసి, గోటితో ఏదో గిల్లడం మొదలుపెట్టింది.

"ఇయ్యేటండీ, ఎంత గిల్లినా రావు?"

రాయి మీది నుంచి నా అరచెయ్యి తీసేశాను.

"అవి గింజలు కావు పిన్నీ, రాయిలో చుక్కలు" అన్నాడు అప్పన్న నెమ్మదిగా.

చుక్కలు లేని నున్నటి నల్లరాయి చూపించాడు. "ముందు ఈ తెల్ల కర్ర తీసీ బాబూ, అడ్డంగా ఉంది" అంది సుగుణ. అది రాయిలో పడ్డ ట్యూబులైటు ప్రతిబింబం. అప్పన్న నవ్వబోయి ఆపుకున్నాడు. షెడ్డు చివర దుమ్ము పట్టిన పలక ఒకటి తుడిచాడు. నలుపే గాని మెరుపు లేదు, మ్యాట్ అంటారట. "దీన్నెవరూ అడగరు బాబాయ్. మెరవదని మొహం తిప్పీసుకుంటారు." అడుగు మూడు వందల పది.

సుగుణ మళ్లీ బియ్యం పోసింది. చేతివేళ్లు ఆగాయి. తర్వాత చకచకా కదిలాయి. "ఇదిగో వడ్లగింజ. ఇదిగో నూక."

"మరి నల్లమెరికల సంగతేటి?" అన్నాను, ఇంకా ఓడిపోవడం ఇష్టంలేక.

"వాటికి తెల్లపళ్లెం లేదేటి? వచ్చే ఆదివారం సంఘంలో చెప్పండి, నక్షత్రాలు పైనే ఉండిపోయాయని."

పదిహేను రోజుల్లో బిగిస్తానన్నాడు అప్పన్న. అడుగు పొడవున్న ముక్క ఒకటి ఊరికే ఇచ్చాడు. ఒంటిగంటకల్లా ఇల్లు చేరాం. సుగుణ ఆ ముక్కను పాలరాతి గట్టు మీద పెట్టుకుని నాలుగు వెల్లుల్లి పాయలు ఒలిచింది. శాంతి పక్కనే నిలబడి ఒక్కో రెబ్బా చూసింది. తర్వాత సొరుగు తెరిచి, కత్తి పిడి అత్తగారి వైపు తిప్పి అందించింది.

ప్రభువు మొదటిసారి ముట్టినప్పుడు మనుషులు చెట్లలా కనబడి, రెండోసారి ముట్టాకే చూపు తేటపడిన గుడ్డివాడి గురించి ఎన్నోసార్లు బోధించాను. ఆ రెండో స్పర్శ అవసరమైంది నా కళ్లకేనని మొన్న తెలిసింది. ఆదివారం లేచి అదే చెప్తాను, గొంతు కొంచెం తగ్గించి. మీరూ రాయి చూడడానికి వెళ్తుంటే ఒక్క మాట. కొలతల కాగితంతోపాటు మీ ఇంటి బియ్యం ఒక గుప్పెడూ, ఆ గట్టు దగ్గర రోజూ నిలబడే మనిషినీ తీసుకెళ్లండి. ఆ మనిషి చేతులు కదిలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.