బావి మన్ను

ప్రొద్దుటూరులో నేను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీలో, ల్యాబులోని గాజు ఫ్లాస్కుల్లో నాచు పెంచేదాన్ని. నీళ్లలో లవణాలు కలిపి, కుక్కర్లో ఉడికించి, చల్లారాక చిటికెడు మన్ను వేసి, మూతికి దూది బిగించి ట్యూబ్‌లైటు కింద పెట్టడమే. ఏళ్ల తరబడి ఎండిన మన్నులోనూ నాచు ప్రాణం పట్టుకుని ఉంటుంది. అది విద్యార్థులకు చూపించాలని జమ్మలమడుగు దగ్గర పెన్నలో ఎండిన ఒండ్రు తెచ్చాను. నాతో పనిచేసే మేడమ్ పులివెందుల దగ్గర తమ తోటలోని పాడుబావి అడుగు నుంచి గుప్పెడు మన్ను తెచ్చింది.

"నా చిన్నప్పుడే ఎండిపోయిందక్కా" అంది.

పెన్న ఒండ్రులో ఏమీ రాలేదు. బావి మన్ను మాత్రం పచ్చబడింది. మొదట అడుగున పొగలా కమ్మి, తర్వాత సన్నటి వెంట్రుకల్లా గాజు పట్టుకుని పైకి పాకింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ ఫ్లాస్కు దూది తీసి, చటుక్కున వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"ఏందమ్మా, ఏమైంది?"

"అదే వాసనక్కా. మా అక్కను బావిలోంచి తీసినప్పుడు తలెంటికల్లో ఉండిన వాసన."

వాళ్లక్క ఆ బావిలో పడి చనిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. అది నాచు వాసనేనని చెప్పబోయి, ఫ్లాస్కు అందుకుని దూది మళ్లీ బిగించాను.

కొన్నాళ్లకు ఆమె వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పెద్దామె ఫ్లాస్కును రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసింది.

"ఇన్నేండ్లు ఎండకు ఎండి గూడా బతికిందా ఇది?"

"బతికిందమ్మా."

"మరి నా బిడ్డ రోంతసేపు నీళ్లల్లో ఉండి బతకల్యా."

నేను ఫ్లాస్కు అందుకుని మళ్లీ లైటు కింద పెట్టాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "దీన్ని సంపొద్దుమ్మా" అంది.

తర్వాత మేడమ్‌కు జమ్మలమడుగు బదిలీ అయింది. నేను మాత్రం అప్పుడప్పుడు ఒక పోగు తీసి కొత్త నీళ్లలోకి మారుస్తూనే ఉన్నాను. ఎండాకాలం కరెంటు పోయి మిగతా ఫ్లాస్కులన్నీ తెల్లబారినా అదొక్కటే పచ్చగా ఉంటుంది.

పులివెందుల నుంచి పెద్దామె ఫోన్ చేస్తుంటుంది.

"పాప ఎట్లుందిమ్మా?"

మొదటిసారి, ఏ పాప అని అడిగాను. ఇప్పుడు అలా అడగను. ఫ్లాస్కు వైపు చూస్తూ, "బాగుందమ్మా, పెరుగుతాంది" అంటాను.