బాపు కారు అమ్మినప్పుడు

రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలవాళ్లు వచ్చి మా ఇంటి ముందు సున్నంతో గీత గీసి వెళ్లారు. ఆ గీత రేకుల షెడ్డు మధ్యలోంచి, అందులో ఉన్న మా కారు ముందు చక్రాల పక్కనుంచి పోయింది. నేను అహేరిలో టీచరుగా పనిచేస్తున్నాను. వేసవి సెలవులకు మా ఊరు సిరోంచ వచ్చిన మొదటి రోజే తమ్ముడు నన్ను బయటికి తీసుకెళ్లి ఆ గీత చూపించాడు.

"షెడ్డు పోతదక్కా. ఇగ దీన్ని ఏడ వెడదాం? పెరట్ల ట్రాక్టరున్నది, గడ్డివామున్నది. ఇంక జాగ లేదు. బాపుకు నువ్వే చెప్పాలె."

చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ కారు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దాన్ని తుడవడం, వారానికోసారి స్టార్ట్ చేసి ఇంజను చప్పుడు వినడం, మళ్లీ తాడ్‌పత్రి కప్పడం బాపు పని. మేము చూస్తూ ఉండేవాళ్లం, అంతే.

అది అంబాసిడర్. నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చింది. మా తాత ఊరివాళ్ల పొలాల్లో జీతం ఉండేవాడు. మా వంశంలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి బాపే. ఒక కలప కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరుగా చేరి ఏళ్ల తరబడి నడిపాడు. ఆ కాంట్రాక్టరు ఇక్కడి పనులు చాలించుకుని పోతూ తను తిరిగే కారును బాపుకు ఇచ్చి వెళ్లాడు. అప్పటికి గోదావరి మీదా ప్రాణహిత మీదా వంతెనలు లేవు. నది దాటాలంటే పడవ ఎక్కాలి. పెద్దాసుపత్రికి పోవాలంటే అడవి దారిన అహేరి పోవాలి. కాన్పు కష్టమైనా, పాము కరిచినా, పిల్లవాడికి జ్వరం ఎక్కి కళ్లు తేలేసినా జనం మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. బాపు తింటున్న పళ్లెం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుంటూనే కారు దగ్గరికి నడిచేవాడు.

తర్వాత రోడ్లు బాగుపడ్డాయి, జీపులు వచ్చాయి, అంబులెన్సులు వచ్చాయి. కారు షెడ్డులో ఉండిపోయింది. దాని మీగడ రంగు బానెట్ మీద అరిగి లోపలి పూత కనిపిస్తుంది. సీట్ల మెరూన్ రెక్సిన్ కంపెనీ నుంచి వచ్చినదే. తమ్ముడికి ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకసారి ఉత్సాహంగా, "బాపూ, రంగేయిస్త, సీట్లు మార్పిస్త, కొత్త కారు లెక్క అయితది" అన్నాడు. బాపు "ముట్టకు" అన్నాడు. తమ్ముడు మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

గీత గీసిన సంగతి చివరికి నేనే చెప్పాను. బాపు అప్పటికే చూశాడట. ఈ మధ్య ఆయనకు చూపు తగ్గింది. గీత దాకా నడిచి, కాలితో తడిమి చూసి వచ్చాడట. నేను చాలాసేపు ఏవేవో చెప్పబోయాను. ఆయన మధ్యలోనే ఆపి, "అమ్ముదాం తియ్" అన్నాడు. అంత తేలిగ్గా అంటాడని నేను అనుకోలేదు. అవ్వ, అంటే మా అమ్మ, పక్కనే కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

అహేరిలో తమ్ముడికి తెలిసిన మెకానిక్ ద్వారా మాట బయటికి పోయింది. కొన్నాళ్లకు హనుమకొండ నుంచి ఒకాయన గోదావరి వంతెన దాటి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పాత కార్లు కొని, ఒక హాల్లో పెట్టి జనానికి చూపించడం ఆయనకు ఇష్టమట. తాడ్‌పత్రి తీయగానే ఆయన ముఖం వెలిగిపోయింది. చుట్టూ తిరిగాడు, మోకాళ్ల మీద కూర్చుని కింద చూశాడు, తలుపు తెరిచి మూశాడు, మళ్లీ తెరిచాడు.

"కాకా, దీనికి ఎన్నడన్న రంగేయించిన్రా?"

"లేదు సార్."

"సీట్లు?"

"అవ్వే."

"దండం పెడుత మీకు. ఇంకెవలన్న అయితే ఎన్నడో పాడుజేసేటోళ్లు. నేను తీస్కపోయేదాంక కడగకున్రి. దుమ్ము గూడ తుడవకున్రి."

ఆయన మంచి మనిషే. ధర దగ్గర పేచీ పెట్టలేదు. ఫోన్ తీసి కారును అన్ని వైపులా ఫోటోలు తీశాడు. వెనక తలుపు తెరిచి లోపలికి వంగి, కాసేపు అలాగే ఉండి అడిగాడు.

"కాకా, ఈ సీటు మీద గీ మరక ఏంది? రంగే మారిపోయింది."

బాపు వెంటనే చెప్పాడు. "వాన కారింది సార్. తలుపు సందుకెల్లి."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ ఒళ్లో ఉన్న చాట కింద పెట్టి లేచి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

అది వాన మరక కాదు. ఆ రోజు నేనూ కారులో ఉన్నాను. అప్పటికి నేను బడికి పోవడం మొదలుపెట్టిన కొత్త. తమ్ముడు పుట్టలేదు. అవ్వకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. ఇక్కడి డాక్టరు చూసి అహేరికి తీసుకుపొమ్మన్నాడు. ముసురు పట్టి ఉంది. మా పక్కింటి పెద్దమ్మ అవ్వ తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. నన్ను ఇంట్లో వదిలే వీలులేక ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారిలో జిమల్‌గట్ట ఊరు రాకముందు ఒక వాగు ఉంటుంది. అప్పట్లో దాని మీద ఉన్నది నేలబారు వంతెన. మేము పోయేసరికి వంతెన కనబడలేదు, నీళ్లే కనబడ్డాయి.

బాపు దిగి నీళ్లలోకి నడిచాడు. తొడల దాకా వచ్చాక వెనక్కి తిరిగాడు. కారు దగ్గరికి వచ్చి, మళ్లీ నీళ్ల దగ్గరికి పోయి, మళ్లీ వచ్చాడు. ఎందరినో ఆ దారిన అహేరి చేర్చిన మనిషి ఆ వాగు ఒడ్డున అటూ ఇటూ తిరుగుతుంటే నాకు భయం వేసింది. వెనక సీట్లోంచి పెద్దమ్మ అరిచింది. నన్ను వెనక్కి చూడొద్దంది. నేను అద్దం మీద పడుతున్న వాననే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఒక ఏడుపు విన్నాను. సన్నగా, పిల్లికూన ఏడ్చినట్టు. "ఆడివిల్ల" అంది పెద్దమ్మ. ఏడుపు కాసేపు ఉంది. తర్వాత లేదు.

బాపు నన్ను అడిగి ముందు సీట్లో ఉన్న తన తువ్వాల తీసుకున్నాడు. పక్కనున్న గోండుల ఇంటికి పోయి గడ్డపార తెచ్చాడు. తువ్వాలలో చుట్టినదాన్ని ఛాతీకి ఆనించుకుని చెట్ల వెనక్కి పోయి, చాలాసేపటికి చేతులకు మట్టితో వచ్చాడు. అవ్వకు అప్పటికి స్పృహ సరిగా లేదు. నీళ్లు తగ్గాక వాగు దాటాం. అవ్వ బతికింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ పిల్ల మాట ఎవరూ ఎత్తలేదు. బాపు మళ్లీ మామూలుగా ఊరివాళ్లను ఆ కారులోనే అహేరి తీసుకుపోయాడు. సీటు మాత్రం మార్చలేదు. అవ్వ ఆ రోజు తర్వాత కారు ఎక్కలేదు. పుట్టిల్లు రేగుంటకు పోవాలన్నా బస్సుకోసం ఎండలో నిలబడేది.

హనుమకొండ ఆయన వెళ్లిన సాయంత్రం అవ్వ తమ్ముడిని పిలిచి చెప్పింది. "కారు అమ్ముకోన్రి. వెనుక సీటు ఇయ్య."

"సీటు లేకుంటే ఎవలు తీస్కుంటరే అవ్వా? అన్నీ పాతయే ఉన్నయనే కదా ఆయన అంత సంబురపడ్డది."

"నాకు తెల్వది. సీటు ఇయ్య."

తమ్ముడు ఫోన్ చేస్తే ఆయన అటునుంచి బతిమాలాడు. సీటు తీస్తే బండి విలువే పోతుందన్నాడు. రెండు రోజులాగి మళ్లీ వచ్చాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నీళ్లు ఇచ్చాం. ఆయన అవ్వనే అడిగాడు.

"అమ్మా, మీ సీటు పదిలంగ ఉంటది. దాని మీద ఎవ్వరిని కూసోనియ్య. ఎందుకమ్మా వద్దంటున్నరు?"

గోడకు ఆనుకుని నిలబడ్డ బాపు మెల్లగా నోరు తెరిచాడు.

"అది వాన గాదు సార్. అబద్ధం చెప్పిన. నా బిడ్డ పుట్టింది గా సీటు మీద. వాగు అడ్డం వచ్చింది. దాటలేకపోయిన. ఊరోళ్లందరినీ దాటించిన, నా బిడ్డను దాటించలేకపోయిన."

ఎవరికో దారి చెప్తున్నట్టు చెప్పాడు. చెప్పడం అయ్యాక గోడ పక్కనే కింద కూర్చున్నాడు. అవ్వ ఆయన వైపే చూస్తోంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. నేను వినడమూ అదే మొదలు.

హనుమకొండ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత అన్న మాట మాత్రం మాకెవరికీ మింగుడుపడలేదు.

"కాకా, ఏమనుకోకున్రి. గీ ముచ్చట మీరిద్దరు గా సీటు కాడ నిలవడి ఒక్కసారి చెప్తే నేను వీడియో తీస్కుంట. కారు చూడవచ్చినోళ్లకు చూపిస్త. మీ కష్టం పదిమందికి తెలుస్తది."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఇంట్లో మేమే నోట పలకని సంగతి ఎక్కడో ఒక హాల్లో, ఐస్‌క్రీం తింటూ వచ్చిపోయేవాళ్ల ముందు మోగుతున్నట్టు ఊహించుకుని నేను ఏదో గట్టిగా అనబోయాను. అవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అయ్యా, సీటు తీస్కపోన్రి. ఆ ముచ్చట మాత్రం తీస్కపోకున్రి. అది మా ఇంట్లదే."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "తప్పయింది తల్లీ" అన్నాడు.

అవ్వ ఎందుకు మనసు మార్చుకుందో నేను అడగలేదు. ఆ పిల్ల పుట్టిందనడానికి ఆ మరక తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు కాబట్టే దాన్ని పట్టుకుని ఉందేమో. బాపు నోరు విప్పాక ఆ పట్టు సడలిందేమో. ఇది నా ఊహే. అవ్వకే తెలియాలి.

కారును తీసుకుపోవడానికి పెద్ద లారీ వచ్చిన రోజు వీధి అంతా పోగయ్యింది. పక్క వీధిలో కిరాణా కొట్టు నడిపే అతను తన కూతురిని ఎత్తుకుని వచ్చి, "చూడు బిడ్డా, నేను దీంట్లనే పుట్టినంట, అహేరి తొవ్వల" అని చూపించాడు. అతని తల్లి నవ్వుతూ తలుపు మీద చెయ్యి వేసింది. ఇంకొకామె తన కొడుకు సంగతి చెప్పింది. అందరూ సంతోషంగానే ఉన్నారు. అవ్వ గడపలో నిలబడి అవన్నీ వింది. నాకే అక్కడ నిలబడబుద్ధి కాక పెరట్లోకి వెళ్లాను. కారు లారీ ఎక్కడం నేను చూడలేదు. స్టీరింగు ముందు బాపే కూర్చున్నాడని, నలుగురు వెనకనుంచి నెట్టారని తమ్ముడు చెప్పాడు.

మరునాడు పొద్దున చాయ్ తాగుతూ అవ్వ అడిగింది.

"బిడ్డను ఏడ వెట్టినవ్?"

బాపు గ్లాసు కింద పెట్టాడు. "వాగు ఇవతల. మద్ది చెట్టు కింద."

"నాకు చూపియ్యి."

తమ్ముడి పికప్ బండిలో నలుగురం బయలుదేరాం. వాగు దగ్గర ఆపాం. ఇప్పుడక్కడ ఎత్తయిన వంతెన ఉంది. రోడ్డు మట్టి పోసి లేపారు. పాత దారి ఆనవాళ్లు లేవు. ఒడ్డున మద్ది చెట్లు లేవు, తుప్పలు మొలిచాయి. వాగులో మడుగులు తప్ప నీళ్లు లేవు.

బాపు దిగి ఒక చోట నిలబడ్డాడు. "ఇక్కడనే" అన్నాడు. అవ్వ అక్కడికి నడిచేలోపే ఆయన తల అడ్డంగా ఊపి, "కాదు, ఇంకా జర కిందికి" అన్నాడు. కిందికి దిగి కళ్లు చిట్లించి అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంకో చోట ఆగాడు. అదీ కాదన్నాడు.

"ఇటు దిక్కే గదా?" అంది అవ్వ.

"ఇటు దిక్కే."

"అయితే చాలు తియ్. పరేషాన్ గాకు."

ఆయన వినిపించుకోలేదు. తుప్పలను చేత్తో పక్కకు తోస్తూ ఒడ్డు వెంట దిగిపోతున్నాడు. తమ్ముడు ఆయన వెనకే వెళ్లాడు. అవ్వ వంతెన గోడ నీడలో, వాగు వైపు ముఖం పెట్టి నేలమీద కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుని, "పిలువు బిడ్డా, ఎండల తిరుగుతండు" అంది.

నేను పిలిచాను. బాపు వెనక్కి తిరగలేదు.