బల్ల మీద నేర్పిన స్వారీ

గుర్రప్పటాలంలో చేరేటప్పుడు ఏబ్నర్ ట్విచెల్ ఆడింది ఒక్కటే అబద్ధం. "నేను పుట్టిందే గుర్రం మీదండీ! మంత్రసాని పక్కనే ఇంకో గుర్రం మీద పరిగెత్తుకొచ్చింది!" నిజానికి యుటికా కాలవగట్టున పడవలు లాగే కంచరగాడిద వెనకాల ఆరేళ్ళు నడిచిన ఘనుడు.

ఆ కోతకే కార్పొరల్ పట్టీలు దక్కాయి. తీరా 1833లో మిస్సోరీ చేరి చూస్తే రౌతులు మూడొందల మంది, గుర్రం ఒక్కటీ లేదు. లాయాలు కూడా రౌతులే కట్టుకోవాలి. గుర్రాలొచ్చేదాకా నాలుగు నెలలూ ఏబ్నర్‌దే రాజ్యం. పన్నెండు మందిని పొడుగాటి బల్లకి అటో కాలు ఇటో కాలు వేయించి కూర్చోబెట్టి, "పిడుగు పడనీ, మడమలు మాత్రం బిగించి పట్టండ్రా!" అని అరిచేవాడు. బల్ల ఒక్కణ్ణీ పడెయ్యలేదు. తన బోధనకి తనే మురిసిపోయాడు.

గుర్రాలొచ్చాయి. స్వారీ రానివాళ్ళు మర్నాడే కాల్బలంలోకి పోవాలన్నాడు కెప్టెన్ లోరిమర్. కాలవగట్టున ఆరేళ్ళు నడిచినవాడు ఏబ్నర్. ఇంక ఒక్క మైలు నడవమన్నా ఆ కాళ్ళు ఒప్పుకోవు.

బూర మోగింది. గుర్రాలు కదిలాయి. బెదిరిపోయిన పన్నెండు మందీ గురువు చెప్పినట్టే మడమలు బిగించారు. మడమలకి ఇనప ముళ్ళున్నాయని గురువుకీ అప్పుడే గుర్తొచ్చింది. బల్లని పొడిస్తే బల్లకేం నొప్పి! గుర్రాలు మాత్రం గాల్లోకి లేచాయి. ఒకడు వంటశాలలోకి దూసుకుపోయి చిక్కుడుగింజల గుండిగలో కూర్చున్నాడు. ఇంకొకడు నది దాటి అవతలి రాష్ట్రం ఇల్లినాయ్‌లో తేలాడట. అట అని చెప్పేది ఏబ్నరే. తను అందరికంటే ముందే పడ్డాడు, గురువు కదా!

"ఏరా, గుర్రం మీదేగా పుట్టావ్?" అన్నాడు సార్జెంట్ మెకార్డీ.

"పుట్టగానే పడిపోయినట్టున్నానండీ."

కెప్టెన్ వచ్చాడు. ఏబ్నర్ టోపీ తీసేశాడు. "అబద్ధమాడాను కెప్టెన్ గారూ. గుర్రమెక్కడం ఇదే మొదలు. పట్టీలు పీకెయ్యండి, కాల్బలానికి మాత్రం పంపకండి."

పట్టీలు అక్కడే పీకేశారు. "ముళ్ళు విప్పించండి. రికాబుల్లేకుండా ఎక్కించి, గుర్రానికి తాడు కట్టి తిప్పండి. పొద్దుగుంకేలోగా పడకుండా ఒక్క చుట్టు తిరిగాడా, పటాలంలో ఉంటాడు" అన్నాడు కెప్టెన్.

ఇరవైసార్లు పడ్డాడు. ఏబ్నర్ లెక్కలో నాలుగొందలు. కంచె మీద కూర్చున్న శిష్యులు, "మడమలు బిగించు గురూ!" అని ఒకటే గోల. చివరికి కళ్ళు మూసుకుని, జూలు పట్టుకుని గోనెబస్తాలా వేలాడుతూ, ఒక చుట్టు పూర్తిచేశాడు. గుర్రం ఆగినా వదల్లేదు.

"ఉన్నావులే, ఇంక దిగరా!" అన్నాడు సార్జెంట్.

"దిగడం ఇంకా నేర్పలేదండీ."