లావు గింజలు చూసి నేను పాస్ చేసిన లారీ

ఆ రోజుల్లో నాకు తెలియనిది ప్రపంచంలో చాలా తక్కువని నమ్మేదాన్ని. డిగ్రీ పట్టా పట్టుకుని చొప్పదండి నుంచి వెళ్లి, ఆదిలాబాద్ దగ్గరి ఓ పిండి మిల్లులో గోధుమలు పరీక్షించే ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులైంది. తెల్లకోటు కూడా కుట్టించుకున్నాను (పిండి పడి అక్కడ అందరూ తెల్లగానే ఉండేవారు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు). ఆ రోజు వచ్చిన లారీలో గోధుమలు ఎంత లావుగా ఉన్నాయో! వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచాను. గింజ లావైతే పిండీ ఎక్కువే కదా అనుకుని పాస్ చేశాను. గింజలు జల్లించే పెద్దమ్మ, నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్న మనిషి, ఒక గింజ కొరికి చూసింది. "బిడ్డా, గిది కటుక్కుమంటలేదు. వాన తాగి ఉబ్బింది. జర డబ్బా నింపి తూకమెయ్యి" అంది. "వెయ్యి గింజలు తూచాను పెద్దమ్మా" అని, చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వాను.

మర్నాడు మిల్లు ఆడితే పొట్టు కుప్ప పెరుగుతోంది, పిండి సంచి మాత్రం నిండటం లేదు. రోజూ పిండి తనే తడిపి చూసే మిల్లు యజమాని సేటు చేతికి ముద్ద జిగురులా అంటుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తారు, మాట్లాడారు, ఇక ఫోన్ ఆ జిగురు చేతిని వదలలేదు. "గీ లారీని ఎవరు పాస్ చేసిండ్రు?" అని అరిచారు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. పెద్దమ్మ ముందుకొచ్చింది. "ఆ పిల్ల నన్నడిగింది సేటూ. ఫికర్ లేదని నేనే అన్న." పచ్చి అబద్ధం! "నీ పండ్లు అరిగినయా?" అన్నారాయన. "అరుగయా మరి? ఎన్ని గింజలు కొరికిన! పారెయ్యకు, గట్టి గోధుమలల్ల జరంత జరంత కలుపు, నడుస్తది." సేటు నవ్వేశారు. అలా కలిపితే నిజంగానే నడిచింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఒకే డబ్బాలో ముందు నా లావు గింజలు, తర్వాత పాత సన్న గింజలు అంచుదాకా పోసి తూచి చూపించింది. సన్నవే బరువు. కొరికితే లోపల గాజులా మెరిశాయి. నావి సుద్దలా పొడిపొడి అయ్యాయి. "తప్పు నీమీద ఎందుకేసుకున్నవ్ పెద్దమ్మా?" అంటే, "నీది కొత్త కొలువు. నన్ను ఓ మాటంటే ఏమైతది?" అంది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న బోథ్‌లో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. కృతజ్ఞతలు ఎలా చెప్పాలో బస్సులో మూడుసార్లు మనసులో వల్లె వేసుకుని, తీరా కళ్లనీళ్లతో చెబితే, పెద్దమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "గట్లయిందా? నాకు యాది లేదు బిడ్డా. చాయ్ల చక్కెర ఎక్కువెయ్యాల్నా?" అంది. ఎక్కువే వెయ్యమన్నాను.