పూత రాకముందు యూరప్

మా వంశంలో మొదట చెప్పుకోవలసినవాడు ఏనుగు తాత. ముసునూరు చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లకు శిస్తు వసూలు చేసే హక్కు ఆయనది, వసూలుకు ఏనుగెక్కి వెళ్లేవాడు. ఆయన కొడుకు పల్లకీ తాత, ఆ పల్లకీ తాత కొడుకు గుర్రబ్బండి తాత. నాలుగో తరానికి మా తాతగారు వచ్చారు. మా ఇంటి మగవాళ్లలో హనుమాన్ జంక్షన్‌లో నిలబడి బస్సు కోసం చెయ్యెత్తిన మొదటివాడు ఆయనే. (బస్సు ఆగేది కాదు. ఆయన చెయ్యెత్తితే డ్రైవరును ఆశీర్వదించి పంపేస్తున్నట్టుండేది.) ఎస్టేట్లు రద్దయి పదేళ్లు కావస్తున్న ఆ రోజుల్లో మాకు మిగిలినవి సగం కురిసే మేడ, ఒక గేదె, నలభై ఎకరాల మామిడి తోట, వంగని నడుము. ఆ చివరిదాన్ని రద్దు చేసే చట్టం ఏ ప్రభుత్వమూ తేలేకపోయింది.

అలాంటి తాతగారు అరవై ఆరో ఏట, ఒక పొద్దున్న కాఫీ తాగుతూ, "మనం యూరప్ వెళ్తున్నాం" అన్నారు. మనం అంటే ఆయన, నాయనమ్మ, వాళ్ల తరఫున ఇంగ్లీషు మాట్లాడడానికి నేను. నాకప్పుడు ఇరవై ఒకటి. బాపులపాడులో టెంపరరీ మాస్టారుగా పిల్లలకు భూగోళం చెబుతున్నాను. నేను కళ్లారా చూసిన భూగోళం బెజవాడ దగ్గర ఆగిపోయింది. ఆ మూడో టిక్కెట్టు కోసం ఏ పనికైనా దిగజారేవాణ్ణి. దిగజారాను కూడా.

బొంబాయిలో ఓడల ఏజెంటుకు రాస్తే రంగుల బొమ్మల కాగితాలు కట్టగా పంపాడు. మీరు రాసిన డబ్బుకు యూరప్‌లో ఏదో ఒక మూలే చూడగలరు, లండనో, ఫ్రాన్సో, ఇటలీ దక్షిణమో తేల్చుకోండి అని కింద రాశాడు. తాతగారిది లండన్ పక్షం. "మూడు తరాలు వాళ్లకు కప్పం కట్టాం. ఆ డబ్బుతో ఏం కట్టుకున్నారో చూడొద్దూ?" అనేవారు. నాయనమ్మ ఇటలీ కాగితం పట్టుకుని వదిలేది కాదు. అందులో ఒకావిడ డాబా మీద టమాటా ముక్కలు ఎండబెట్టుకుంటోంది. "ఒరుగులు పెట్టుకుంటోంది పాపం, మనలాంటిదే. ఈవిడ ఊరెళ్దాం" అనేది. నాది పారిస్ పక్షం. ఎందుకని అడిగితే చరిత్ర అనేవాణ్ణి.

కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, చదివి తెలుగులో చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంతకన్నా పెద్ద అధికారం ఏనుగు తాతకు కూడా ఉండి ఉండదు. నా తెలుగులో లండన్‌లో ఏడాదికి పదకొండు నెలలు పొగ, ఇటలీలో అడుగడుగునా అగ్నిపర్వతం. పారిస్‌లో మాత్రం గడ్డపెరుగు, కూరగాయలు, పెద్దల పట్ల గౌరవం. "అంత మంచి ఊరికి ఇంత చిన్న కాగితమేంట్రా?" అంది నాయనమ్మ. మంచివాళ్లు గొప్పలు చెప్పుకోరన్నాను. (నిజానికి పారిస్ కాగితం నాలుగు పేజీలు. చివరి పేజీ చింపి జేబులో దాచుకున్నాను.)

తీరా ఎప్పుడు వెళ్లాలన్న దగ్గర యూరప్ మొత్తం మామిడి చెట్టుకు తగులుకుంది. మే, జూన్ నెలల్లో బాగుంటుందని ఏజెంటు రాశాడు. "మే నెలలోనా? ఆవకాయ ఎవరు కలుపుతారు, వాడొచ్చి కలుపుతాడా?" అంది నాయనమ్మ. తాతగారు ఆమెకే ఓటేశారు. "చిన్న రసాల వేళ ఊరు దాటిన మగవాడు మన ఇంట్లో లేడు. గవర్నరుగారు కబురుపెడితే కోతలయ్యాక వస్తానన్నాడు మా ముత్తాత." శ్రావణంలో నాయనమ్మ నోములు, ఆ తర్వాత పితృపక్షం, దసరా, కార్తీకం. పూత మొదలైతే మంచుకీ పురుగుకీ భయపడుతూ తోటలోనే ఉండాలి. అన్నీ తీసేస్తే కార్తీకం వెళ్లాక, పూత రాకముందు కొన్ని వారాలే మిగిలాయి. అప్పుడు లండన్‌లో చలి చంపేస్తుందని, మంకీ క్యాపు తప్పదని చెప్పాను. ఇదొక్కటే నేను చెప్పిన నిజం. తాతగారు చాలాసేపు ఆలోచించి, "దొరల ఎదుట మంకీ క్యాపుతో నిలబడే ఖర్మ నాకు పట్టలేదు" అని లండన్‌ను వదిలేశారు. ఇక పోటీ నాకూ నాయనమ్మకూ.

డబ్బు కోసం మామిడికాయల షావుకారును పిలిపించారు. పూత చూసి ఆ ఏడాది కాపు మొత్తానికి ధర కట్టడం ఆయన వ్యాపారం. అసలు పూతే లేకుండా బేరం ఆడమనేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. "బాబుగారూ, ఉత్త ఆకులు చూసి డబ్బిస్తే మా ఇంట్లో నన్ను కట్టేస్తారండీ. అయినా తమరడిగారు కాబట్టి రెండు టిక్కెట్లకు సరిపడా ఇస్తానండీ. మూడోది కూడా కావాలంటే బావి పక్క ఎనిమిదెకరాలు రాసివ్వాలండీ."

తాతగారు నావైపు చూశారు. ఆయన కళ్లలో ఎనిమిదెకరాలు ఊగిసలాడడం నాకు కనిపించింది. "మాటసాయానికి మనిషి లేకపోతే ఎలాగ?" అని కలం కోసం చెయ్యి చాపారు. నాలో పారిస్ దీపాలన్నీ వెలిగాయి. సరిగ్గా అప్పుడు నాయనమ్మ రొంటిన దోపుకున్న కాగితం తీసి మడతలు విప్పింది. నా చొక్కా ఉతకబోతే జేబులో దొరికిందట. అందులో వరసగా పన్నెండు మంది అమ్మాయిలు గౌన్లు పట్టుకుని కాళ్లు నెత్తికంటే ఎత్తుకు లేపి ఉన్నారు.

"ఇదేంట్రా?"

"వ్యాయామం, నాయనమ్మా. అక్కడి ఆడవాళ్లు ఆరోగ్యానికి..."

"ఎవరి ఆరోగ్యానికి, వాళ్లకా నీకా?"

తాతగారు కళ్లజోడు పెట్టుకుని బొమ్మను చూశారు. అవసరమైనదానికంటే ఎక్కువసేపే చూశారు. "నన్నూ ఒకసారి చూడనివ్వండి బాబుగారూ" అని షావుకారు మెడ చాచాడు. "వీడి తెలుగు వినడానికి ఎనిమిదెకరాలా?" అంది నాయనమ్మ. "సైగలతో నెట్టుకొస్తాను. నలభై ఆరేళ్లుగా మీతో నెట్టుకురావడంలా?" తాతగారు కలం కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాగితం మాత్రం తాతగారు నాకు తిరిగివ్వలేదు.

వాళ్లిద్దరూ ఇటలీ వెళ్లారు. నేను గేదెకు దాణా పెడుతూ ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చాక నాయనమ్మ, "ఒక్క మాట కూడా అక్కర్లేకపోయిందిరా. ఒరుగులావిడ లాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు" అంది. ఎండు టమాటాలు ఓ మూట తెచ్చి పచ్చడి చేసింది. పంతానికి నేను తినలేదు. రెండో రోజు తిన్నాను, బాగుంది.

ఇప్పుడు నాకు తాతగారి వయసు దాటింది. మొన్న మా ఆవిడా నేనూ చవకలో యూరప్ ఏ మూలకు పోదామా అని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. పారిస్ పేజీ నేను పైకి చదువుతుంటే, "మీరు మెల్లగా చదవండి, లేనివి కూడా వినిపిస్తున్నాయి" అంది. ఆవిడకు నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. ఇరవై ఒకటో ఏట నాకున్న ఆ నోటి ధైర్యాన్ని తలుచుకుని కాగితం చాటున నవ్వుకున్నాను. పారిస్ నేను ఇంతవరకు చూడలేదు. బావి పక్క ఎనిమిదెకరాలు ఆ తర్వాత మూడేళ్లకు, మేడ కప్పు వేయించడానికి, ఆ షావుకారుకే అమ్మాం.