కొలతల టేపుతో కోదాడ మీదుగా మిర్యాలగూడకు

సూర్యాపేటలో మా చిన్న బడి నుంచి నిరుడు ఏడో తరగతి పాసైన ఆడపిల్లలు ముగ్గురే. ఫలితాలు వచ్చిన రోజున ముగ్గురికీ కొబ్బరి ఉండలు చేసి పెట్టాను. నాకప్పుడు ఎంత గర్వంగా ఉందంటే, వాళ్లకు పాఠాలు చెప్పింది నేనొక్కదాన్నే అన్నట్టు బజారంతా తిరిగి చెప్పుకున్నాను. వానాకాలం నాట్లు మొదలయ్యేసరికి ఇద్దరు పుస్తకాలు చూరులో దోపి బురదలోకి దిగారు. మిగిలింది మోతె నుంచి వచ్చి మా బడి వసతిలో ఉండి చదువుకున్న రూతమ్మ. ఆలస్యంగా బడిలో చేరిన పదిహేడేళ్ల పిల్ల. బడిలో ఉన్న పాత చేతి మిషను మీద కుట్టుపని నేర్చుకుంది. ఆ చేతికి ఎక్కడైనా ఒక దుకాణంలో చోటు దొరుకుతుందని నేను వాళ్లమ్మను ఆరు నెలలు బతిమాలి ఆపాను. చివరికి ఆవిడ నాకు గడువు పెట్టింది. యాసంగి నాట్లు పడేలోపల పని దొరికితే సరే, లేకపోతే బిడ్డను తన వెంట పొలానికి తీసుకుపోతానంది. తప్పు ఆమెది కాదు, ఇంట్లో తినే నోళ్లు అన్ని ఉన్నాయి. అప్పటికే నారు పచ్చబడుతోంది. అందుకే పోయిన నెల ఒక చలి పొద్దున రూతమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. పిల్లలను పనిలో పెట్టడానికి ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

సూర్యాపేట నుంచి కోదాడకు పొద్దున్నే బస్సు ఉంటుంది. మాకు దొరికింది బొగ్గు బస్సు. వెనకాల పొయ్యి రాజేసి, క్లీనరు చెమటలు పట్టేదాకా చక్రం తిప్పితే గాని అది కదలదు. అందుకని బస్సు ఆరింటికని చెబితే ఏడింటికని అనుకోండి, తొందరపడి చలిలో నిలబడకండి. వెనక సీట్లలో కూర్చుంటే దిగేసరికి మొహం మసిబారుతుంది. టిక్కెట్టు మనిషికి పన్నెండు అణాలు పడింది. రూతమ్మ ఒళ్లో చిన్న మూట, అందులో కత్తెర, బడి వాళ్లిచ్చిన కొలతల టేపు ఉన్నాయి. దారి పొడుగునా ఆ పిల్ల పెద్దగా మాట్లాడలేదు. నేనే ఇద్దరికీ సరిపడా మాట్లాడాను, అది నాకు కొత్త కాదు.

బస్సు కుదుపులకు నా రవిక భుజం మీది నుంచి జారిపోతుంటే పిన్నీసు తీసి పెట్టుకున్నాను. రెండేళ్ల కింద టైఫాయిడ్ వచ్చి చిక్కిపోయి లేచాక నా రవికలన్నీ ఇలాగే ఉన్నాయి. మా వైపు ఆడవాళ్లం కొలతలివ్వడానికి దర్జీ దుకాణం మెట్టెక్కం. పాత రవిక ఒకటి మగవాళ్ల చేతికిచ్చి పంపుతాం, దర్జీ దాన్ని చూసి కొత్తది కుడతాడు. ఆ పాతదాన్ని ఆది అంటాం. ఆది వదులైతే కొత్తదీ వదులే. రూతమ్మ నా పిన్నీసు వంక చూసి, మూటలో టేపు తడిమి, కిటికీ వైపు తిరిగింది.

కోదాడలో దిగగానే ముందు టిఫిను కానివ్వండి, తర్వాత దొరకదు. రోడ్డు పక్క హోటల్లో ఉప్మా బాగుంటుంది. డబ్బులిచ్చేటప్పుడు హాలీయా, కల్దారా అని అడుగుతారు. ఆంధ్ర దగ్గర కాబట్టి అక్కడ నిజాం రూపాయి హాలీ, ఇండియా రూపాయి కల్దారు రెండూ నడుస్తాయి, మారకం ముందే మాట్లాడుకోవాలి. నాకు తెలిసిన దర్జీ వెంకటేశ్వర్లు దుకాణం అక్కడికి దగ్గరే. రూతమ్మ కుట్టిన చిన్న పిల్లల గౌను ఒకటి ఆయన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు గాని, ఇద్దరు కొడుకులు, ఒక మేనల్లుడు తన మిషన్ల మీదే ఉన్నారని, ఇంకొకరికి పనెక్కడిదని చెప్పాడు. మేం మెట్టు దిగుతుంటే వెనక్కి పిలిచాడు.

"మిర్యాలగూడలో ఖాసిం సాబని ఉన్నాడండి. షేర్వానీలు కుట్టడంలో ఆయన్ని మించినోడు లేడు. నిజాం పాలన పోయాక ఇప్పుడు షేర్వానీలు ఎవరు కుట్టించుకుంటున్నారు చెప్పండి? పాపం, ఖాళీగా కూర్చుంటున్నాడట. అడిగి చూడండి."

పని లేనివాడి దగ్గరికి పని అడగడానికి వెళ్లడమేమిటని నాకు కోపం వచ్చింది. అయినా వెనక్కి తిరిగితే మోతె పొలమే కదా. ఆ రోజు కోదాడ నుంచి మిర్యాలగూడకు బస్సు లేదు. వడ్ల లారీ ఒకటి హుజూర్‌నగర్ మీదుగా వెళ్తోంది. డ్రైవరు పెద్దమనిషే, ఇద్దరికీ కలిపి రూపాయి తీసుకుని ముందు కూర్చోబెట్టుకున్నాడు. పిల్లను పెళ్లిచూపులకు తీసుకుపోతున్నానా అని అడిగాడు. కాదు, కుట్టుపనికి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తన ఇంటావిడకు ఎప్పుడు రవిక కుట్టించుకుపోయినా అది కుదరక ఆ రోజు తనకు అన్నం దొరకదన్నాడు. దుమ్ము కొట్టుకుపోయి, నడుములు విరిగి, మధ్యాహ్నం దాటాక మిర్యాలగూడ చేరాం.

ఖాసిం సాబు దుకాణం బజారు వెనక సందులో ఉంది. ముందు గది దుకాణం, వెనక ఇల్లు, మధ్య గుమ్మానికి పచ్చ పరదా. ఒకటే మిషను. గోడ మేకుకు సగం కుట్టిన నల్ల షేర్వానీ వేలాడుతోంది. కొలతలిచ్చిన ఆసామి పోలీసు చర్య తర్వాత మళ్లీ రాలేదట. మాకు చాయ్ తెప్పించి, గౌను చూసి, కుట్టును బొటనవేలితో తడిమాడు.

"అమ్మా, పిల్ల చెయ్యి మంచిగున్నది, అబద్ధం ఎందుకు. కానీ ఆడపిల్లను తీస్కొచ్చి దుకాణంల కూసోబెడితే బజారోళ్లు ఊకుంటరా? నాకే పని లేకపాయె, పిల్లకేం పెడత?"

రూతమ్మ గౌను మడిచి మూటలో పెట్టుకుంది. ఆ మడవడం నేను చూడలేకపోయాను. చాయ్ తాగుతున్నట్టు కప్పు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే కిరాణా కొట్టు రాజయ్య రవిక ఒకటి పట్టుకుని వచ్చాడు. మూడోసారట. కుట్టించిన రవిక ఇంటావిడకు పట్టడం లేదని రెండుసార్లు తెచ్చాడు, రెండుసార్లూ సాబు ఆదితో సరిచూసి తిప్పి పంపాడు. ఇప్పుడూ ఆది రవిక పరిచి, దాని మీద కొత్తది పరిచాడు. దారం మందం తేడా లేదు. ఇద్దరు మగవాళ్లూ ఆ రెండు రవికల మీదికి వంగి తలలు గోక్కుంటుంటే నాకు నవ్వాగలేదు.

"ఆది సరిగనే ఉన్నది సాబూ. కొత్తది పడతలేదంటది. ఎందుకు పడతలేదే అంటే మొకం తిప్పుకుంటది. నేనేం జేతు?" అన్నాడు రాజయ్య.

రూతమ్మ లేచి నిలబడింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల గొంతు అంత స్పష్టంగా వినడం అదే.

"ఇల్లు యాడ అన్నా? నేను పోయి అక్కను సూసొస్త."

ఇల్లు రెండు సందుల అవతలే. రాజయ్యను దుకాణంలోనే ఉండమని, నేనూ పిల్లతో వెళ్లాను. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి రూతమ్మ లోపలికి వెళ్లింది. ముందు గుసగుసలు, తర్వాత పసిబిడ్డ ఏడుపు, ఆ తర్వాత ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. బయటికి వచ్చి నా చెవిలో సంగతి చెప్పింది. ఆది రవిక పెళ్లికి ముందుది. ఇప్పుడు ఇంట్లో మూడు నెలల బిడ్డ, పాలిచ్చే తల్లికి ఆ పాత కొలత చాలదు. ఆ మాట రాజయ్య భార్య మొగుడికి చెప్పలేదు, చెప్పినా ఆయన దర్జీకి చెప్పలేడు. మా వైపు ఏ మగాడు ఇంకో మగాడితో ఆ మాట అనగలడు? ముగ్గురు మంచి మనుషులు సిగ్గుతో ఒక రవికను మూడుసార్లు తిప్పారు. పక్కింటి ఇద్దరాడవాళ్లు కూడా గోడ మీదుగా రూతమ్మ చేతికి గుడ్డలందించి, మాకూ కొలతలు తీసుకోమన్నారు.

దుకాణానికి వచ్చి రూతమ్మ రాజయ్యకు ఏమీ చెప్పలేదు. సాయంత్రానికి పంపుతామని, అక్కను ఇక ఏమీ అడగొద్దని మాత్రం అంది. సాబు రవిక లోపల కుట్టు పక్కన గుడ్డ ధారాళంగా వదిలాడు, అది ఆయన మంచి అలవాటు. రూతమ్మ కుట్లు విప్పి ఆ మడతను బయటికి తీసి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. ఎక్కడ విప్పుతోందో చూడగానే ఆయనకు విషయం అర్థమైంది. తల దించుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు పరదా వెనక నుంచి ఆయన భార్య బీబమ్మ ఉర్దూలో పిల్ల పేరడిగింది. రూతమ్మ ఉర్దూలోనే జవాబు చెప్పింది, మా బడిలో నేర్పిన ఉర్దూ. ఇక ఆ భాషతో ఏం పనని ఈ మధ్య చాలామంది నాతో అంటున్నారు. తర్వాత బీబమ్మ, నాకూ అర్థం కావాలనేమో, తెలుగులో మొగుడితో అంది.

"మిషను పరదా ఇవతలికి జరపండి. పిల్ల నా పక్కన కూసుంటది. ఆడోళ్లు ఎనక దర్వాజకెల్లి నా తానకొస్తరు. కొలతలు పిల్ల తీస్తది, మీరు బయట కత్తిరించండి. బజారోళ్లకు మన ఇంట్ల ఏం పని?"

సాబు తుడిచిన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. లేచి వెళ్లి మేకు మీది షేర్వానీ తీశాడు. దులిపి, చేతులు లోపలికి మడిచి, పెట్టెలో పెట్టాడు. "రవికలు తగిలించనీకె మేకు కావాలె గద," అన్నాడు. నేను మిషను ఒక పక్క పట్టాను, ఆయన ఇంకో పక్క పట్టాడు. పరదా పైకెత్తి పట్టుకున్న బీబమ్మ చెయ్యి ఒక్కటే కనిపించింది నాకు. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది. మూడు నెలలు తిండీ పడకా, తర్వాత రవికకు ఇంతని వాటా అని మాట్లాడుకున్నాం. ఆదివారం ప్రార్థనకు పంపాలని నేనడిగితే, నమాజుకు తాను పోనా, పిల్లను ఎందుకు ఆపుతానని సాబు నవ్వాడు.

ఆ రాత్రి తెలిసినవాళ్లింట్లో ఉండి, తిరుగు బస్సు ఎక్కేముందు దుకాణానికి వెళ్లాను. తిరుగు ప్రయాణానికి కోదాడ చుట్టు అక్కర్లేదు, మూసీ దాటి నేరుగా సూర్యాపేటకు రావచ్చు. రూతమ్మ నన్ను పరదా లోపలికి పిలిచి, మెడలో టేపు తీసింది.

"టీచరమ్మా, చేతులు లేపండి."

బడిలో ఆ మాట ఎన్నిసార్లు నేను పిల్లలతో అన్నానో. బుద్ధిగా లేపాను. జ్వరం తగ్గిన దగ్గర్నుంచి నన్నెవరూ అంత దగ్గరగా పట్టించుకుని చూడలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. షేర్వానీకి లోపలి అస్తరుకని తెచ్చిన తెల్ల గుడ్డ సాబు ఊరికే ఇచ్చాడు. బస్సు వేళకు రవిక తయారైంది.

పిల్లలకు చదువు చెప్పి గడప దాకా తెచ్చి వదిలేస్తే మన పని అయిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. గడప దాటించడానికి కూడా ఒక మనిషి తోడు వెళ్లాలి. అవతల దుకాణం పెట్టుకున్నవాళ్లకూ ఆ పిల్ల అవసరమే, వాళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదు, అంతే. మిర్యాలగూడ వైపు వెళ్లే ఆడవాళ్లకు నేను చెప్పే ఉపాయం ఒకటే, ఆది రవిక ఇంట్లో వదిలేసి వెళ్లండి, వెనక దర్వాజా తట్టండి. నా పిన్నీసు ఇప్పుడు డబ్బీలో ఉంది. కొత్త రవిక భుజం మీది నుంచి జారడం లేదు. బస్సు కదులుతుంటే రూతమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పిన మాటకు మాత్రం ప్రతి పూటా కంచం ముందు జవాబు చెప్పుకుంటున్నాను.

"లోపల మడత ఎక్కువనే వదిలిన టీచరమ్మా. మీరు మంచిగ తినుండ్రి. మళ్లొచ్చేసరికి నేను అది విప్పాలె."